విజిటింగ్ కార్డులో ఏం మిగలాలి?

(చిన్న సృజనాత్మక వ్యాపారాలు నడుపుకునేవారి కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక డిజైనర్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వరుసలో వినపడుతోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. మీ విజిటింగ్ కార్డు ఒకటి బయటికి తీయండి. మీది లేకపోతే పర్సులో ఉన్న ఇంకెవరిదైనా సరే. దాన్ని చెయ్యి చాచి, అంత దూరంలో పట్టుకోండి. ఇప్పుడు చెప్పండి, మొదట ఏం కనపడింది? ముందు వరుసలో ఆవిడ "రంగు" అంటున్నారు. మీకు? "లోగో." అక్కడ ఒకాయన "ఏమీ చదవలేకపోతున్నాను" అంటున్నారు. ఈ మూడు జవాబులూ గుర్తుపెట్టుకోండి, వాటితో మనకు పని ఉంది.

ఇక్కడ బొమ్మలు వేసేవాళ్ళున్నారు, ఫొటోలు తీసేవాళ్ళున్నారు, మట్టితో, గుడ్డతో, చెక్కతో పనిచేసేవాళ్ళున్నారు. మీలో ఎక్కువమందికి పని చేసేదీ మీరే, లెక్కలు రాసుకునేదీ మీరే. కార్డు కూడా ఏదో ఒక రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని మీరే తయారు చేసుకుని ఉంటారు. నా దగ్గరికి వచ్చే మీలాంటివాళ్ళందరూ ఒకే మాట అంటారు. "సింపుల్‌గా, నీట్‌గా ఉండాలండీ" అని. ఈ రోజు ఆ ఒక్క మాట గురించే మాట్లాడతాను. సింపుల్ అంటే ఏమిటి? ఎంత తీసేస్తే సింపుల్ అవుతుంది? తీసేస్తూ తీసేస్తూ ఎక్కడ ఆగాలి?

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఫొటోగ్రాఫర్‌కి కార్డు చేశాను. తెల్లటి కార్డు. కింద ఎడమ మూలన పేరు, నంబరు, అంతే. సన్నటి అక్షరాలు, 6 పాయింట్ల సైజు (అక్షరాల సైజుని పాయింట్లలో కొలుస్తారు), లేత బూడిద రంగు. కంప్యూటర్ మీద చూస్తే ఎంత అందంగా ఉందో! 500 కార్డులు అచ్చు వేయించాం. నెల తిరక్కుండానే ఆయన ఫోన్ చేశారు. "మొన్న ఒక పెద్దాయనకి కార్డు ఇచ్చానండీ. కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు, చివరికి 'నంబరు నువ్వే చెప్పు బాబూ, రాసుకుంటాను' అన్నారు" అని. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. కార్డు ఉన్నదే ఆ నంబరు కోసం కదా! ఆ 500 కార్డులూ నా ఖర్చుతో మళ్ళీ వేయించి ఇచ్చాను. తప్పు నాదే.

ఏం జరిగిందో మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు ఇప్పటికీ చాలా కార్డుల్లో చూస్తున్నాను. మామూలు అచ్చులో బూడిద రంగు అనే సిరా ఉండదు. యంత్రంలో ఉన్నది నల్ల సిరా. మీరు 40 శాతం నలుపు అడిగితే, యంత్రం నల్లటి చుక్కలు చుక్కలుగా వేసి, మధ్యలో కాగితం తెలుపు వదిలి, దూరం నుంచి చూసేవాళ్ళకి బూడిద రంగు అనిపించేలా చేస్తుంది. పెద్ద అక్షరమైతే పరవాలేదు. సన్నటి గీతలున్న చిన్న అక్షరమైతే? ఆ గీత మందమే చుక్కంత ఉంటుంది. అక్షరం అంచులు ముక్కలు ముక్కలైపోతాయి. తెరమీద ఇది కనపడదు. ఎందుకంటే అక్కడ మనం కార్డుని నాలుగైదు రెట్లు పెద్దది చేసుకుని చూస్తూ ఉంటాం. బూడిద రంగే కావాలని ఉంటే, ఆ రంగు సిరాని విడిగా కలిపి వేసే పద్ధతి ఉంది, స్పాట్ కలర్ అంటారు. లేదా నలుపే వాడండి. నలుపు చాలా మంచి రంగు.

అప్పటినుంచి నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. కార్డు తీసుకున్న మనిషికి ఒక గుర్తు మిగలాలి, ఒక పని తెలియాలి. ఒక గుర్తు, ఒక పని. గుర్తు అంటే, మూడు నెలల తర్వాత సొరుగులో ఆ కార్డు దొరికినప్పుడు "ఆఁ, ఆవిడే కదా!" అనిపించేది. పని అంటే, ఆ తర్వాత చేయవలసింది. ఫోన్ చేయాలా, మీ పనులు చూడాలా, మీ దగ్గరికి రావాలా? ఈ రెండిటికీ సాయపడేది కార్డు మీద ఉండాలి. మిగతా ప్రతిదీ తనెందుకు ఉందో జవాబు చెప్పుకోవాలి.

మీరు అడగొచ్చు, "మరి పాతకాలం కార్డులు అంత హడావిడిగా ఉండేవి కదా, వాళ్ళకి తెలియదా?" అని. తెలుసు. బాగా తెలుసు. విలియం హోగార్త్ అని ఇంగ్లండులో పెద్ద చిత్రకారుడు ఉండేవాడు. 1720లో, ఇంకా 22 ఏళ్ళ కుర్రవాడు, రాగి రేకుల మీద బొమ్మలు చెక్కే పని సొంతంగా మొదలుపెట్టి తన దుకాణం కార్డు తానే చెక్కుకున్నాడు. మధ్యలో పేరు, వృత్తి, తేదీ. చుట్టూ మనుషుల బొమ్మలు, అలంకారం. ఇప్పటి కళ్ళతో చూస్తే ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆయన అమ్ముతున్నదే చెక్కడం పని. ఆ అలంకారమంతా ఆయన పనితనానికి నమూనా. కార్డు చేతికి రాగానే "ఇతను ఇంత బాగా చెక్కగలడు" అని తెలిసిపోతుంది. ఆయన గుర్తు ఆయన కార్డులోనే ఉంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో లండన్‌లో ఇళ్ళకీ దుకాణాలకీ చాలావరకు నంబర్లు లేవు. ఫలానా బొమ్మ వేలాడే చోట, ఫలానా చర్చి పక్కన, అని దారి అంతా కార్డు మీద రాయాల్సి వచ్చేది. అది కూడా అవసరమే. వాళ్ళ కార్డులో అంత సరుకు ఉన్నదంటే, అంత పని ఉంది కాబట్టి. మన కార్డు వేరే పని చేయాలి. దారి చూపించడానికి ఫోన్ ఉంది. పనులు చూపించడానికి వెబ్‌సైట్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఉంది. ఆ పనులన్నీ వాటికి వదిలేయొచ్చు. వదిలేయకుండా కార్డు మీదే పెట్టుకుంటాం. అక్కడ వస్తుంది చిక్కు.

ఒక ఉదాహరణ చెబుతాను. మట్టి పాత్రలు చేసే ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. ఆవిడ కార్డు మీద మొత్తం పదకొండు అంశాలున్నాయి. నేను లెక్కపెట్టాను. లోగో, సంస్థ పేరు, ఒక నినాదం, ఆవిడ పేరు, "వ్యవస్థాపకురాలు" అనే హోదా, రెండు ఫోన్ నంబర్లు, మెయిల్, వెబ్‌సైట్, ఇన్‌స్టాగ్రామ్ పేరు, వర్క్‌షాప్ చిరునామా. పైగా వెనకవైపు ఆరు పాత్రల ఫొటో. "ఏం తీసేయాలో చెప్పండి" అన్నారు. నేను చెప్పలేదు. అడగడం మొదలుపెట్టాను.

"మీకు రెండు నంబర్లు ఎందుకండీ?" "ఒకటి మావారిదండీ, నేను మట్టిలో చేతులు పెట్టి ఉన్నప్పుడు ఎత్తడానికి." చూడండి, ఎంత మంచి కారణమో! కానీ కార్డు తీసుకున్నవాళ్ళకి ఏ నంబరు ముందు చేయాలో తెలియదు. ఆవిడ నంబరుకి వచ్చిన కాల్ ఎత్తకపోతే ఆయన ఫోన్‌కి మళ్ళేలా పెట్టుకోవచ్చు. ఒక నంబరు పోయింది. "చిరునామాకి ఎవరైనా చెప్పకుండా వస్తారా?" "అమ్మో, రాకూడదండీ, బట్టీ నడుస్తుంటే ఇబ్బంది." మరి చిరునామా ఎందుకు? పోయింది. "వ్యవస్థాపకురాలు?" అక్కడ పనిచేసేది ఆవిడొక్కరే. పోయింది. నినాదం గురించి కాసేపు వాదించుకున్నాం. అది ఆవిడకి ఇష్టం. "మీ దగ్గర కొన్నవాళ్ళెవరైనా ఎప్పుడైనా ఆ మాట మీతో అన్నారా?" అని అడిగాను. ఆలోచించి, లేదన్నారు. అదీ పోయింది. మెయిల్ గురించి అడిగితే, మెయిల్‌లో ఆర్డర్లు వచ్చేది దుకాణాలవాళ్ళ నుంచి, వాళ్ళకి ఎలాగూ ఆవిడే ముందు మెయిల్ పంపిస్తారు. సరే, అక్కర్లేదు.

చివరికి కార్డు మీద నాలుగే ఉన్నాయి. ఆవిడ పేరు, సంస్థ పేరు బదులు "చేత్తో చేసిన మట్టి పాత్రలు" అనే మాట, ఒక నంబరు, వెబ్‌సైట్. ఇన్‌స్టాగ్రామ్ లింకు వెబ్‌సైట్‌లో ఉంది కదా.

మరి గుర్తు? ఫొటోలు తీసేశాం, లోగో కూడా తీసేశాం. ఆవిడ ప్రతి పాత్ర అడుగునా బొటనవేలితో ఒక చిన్న నొక్కు నొక్కుతారు. అది ఆవిడ అలవాటు, సంతకం లాంటిది. ఆ నొక్కుని అచ్చు తీసి, కార్డు మీద సిరా లేకుండా లోపలికి నొక్కించాం. డీబాస్ అంటారు దాన్ని. కార్డు చేతిలోకి తీసుకోగానే వేలు అక్కడికే వెళుతుంది. చూడడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, తాకితే తెలుస్తుంది. నేను ఇప్పటివరకు చేసిన కార్డుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. తీసేయడం మొదలుపెట్టాక చాలామంది "ఏం పని చేస్తారు" అనే ఆ ఒక్క ముక్కనీ తీసేస్తారు. పేరు, కింద నంబరు, అంతే. చూడడానికి గొప్పగా ఉంటుంది. కానీ మీరెవరో ఊరందరికీ తెలిస్తే తప్ప అది పనిచేయదు. మూడు నెలల తర్వాత సొరుగులో ఒక పేరు, ఒక నంబరు దొరికింది. ఎవరిది? ప్లంబరా? డాక్టరా? కార్డు చెత్తబుట్టలోకి వెళుతుంది. మీరు చేసే పనిని రెండు మూడు మాటల్లో రాయండి. "క్రియేటివ్ సొల్యూషన్స్" అని రాయకండి, దయచేసి. "పిల్లల పుస్తకాలకు బొమ్మలు" అని రాయండి. "పాత ఫర్నిచర్ బాగుచేస్తాను" అని రాయండి. ఆ మాట చదివినవాళ్ళకి మీ చేతులు కనపడాలి.

ఇక ఖాళీ. కార్డు సైజులు దేశాన్ని బట్టి కొద్దిగా మారతాయి. యూరప్‌లో ఎక్కువగా 85 × 55 మిల్లీమీటర్లు, అమెరికాలో 3.5 × 2 అంగుళాలు, జపాన్‌లో 91 × 55 మిల్లీమీటర్లు. ఏదైనా సరే, ఒక ఏ4 కాగితంలో ఇంచుమించు పదమూడో వంతు. ఇంత చిన్న చోట ఖాళీ వదలాలంటే భయం వేస్తుంది. "ఇక్కడ ఏమైనా పెడదామా అండీ, బోసిగా ఉంది" అంటారు. బోసిగా ఎందుకు అనిపిస్తుందో తెలుసా? ఖాళీ ఎక్కువై అలా అనిపించదు. అది అన్నిచోట్లా సమానంగా పరుచుకున్నప్పుడు అనిపిస్తుంది. పేరుకీ నంబరుకీ మధ్య ఒక సెంటీమీటరు, నంబరుకీ వెబ్‌సైట్‌కీ మధ్య ఒక సెంటీమీటరు, అంచుకి ఒక సెంటీమీటరు. అప్పుడు ప్రతి ముక్కా ఒంటరిగా తేలుతూ ఉంటుంది. అదే పేరు, పని ఒక జట్టుగా దగ్గరికి తెచ్చి, నంబరు, వెబ్‌సైట్ ఇంకో జట్టుగా దగ్గరికి తెచ్చి, ఆ రెండు జట్ల మధ్య ఉన్న ఖాళీనంతా ఒకేచోట పెట్టండి. కార్డు ఒక్కసారిగా కుదురుగా నిలబడుతుంది. మీరు కొత్తగా ఏమీ చేర్చలేదు, ఉన్న ఖాళీనే ఒక చోటికి చేర్చారు.

అన్ని వరుసలనీ ఒక్క నిలువు గీత నుంచి మొదలుపెట్టండి. ఎడమవైపు అంచుకి 7 మిల్లీమీటర్లో, 8 మిల్లీమీటర్లో వదిలి, ఆ గీత మీదే అన్నీ. మధ్యకి పెట్టడం తప్పని నేననను, పేరు ఒక్కటే ఉన్న వైపు మధ్యకి పెడితే బాగానే ఉంటుంది. కానీ పొట్టి వరుస, పొడుగు వరుస, పొట్టి వరుస ఇలా నాలుగు వరుసలు మధ్యకి పెడితే రెండు అంచులూ గరుకుగా ఉంటాయి, కన్ను ప్రతిసారీ వెతుక్కోవాలి.

అంచుల గురించి ఇంకో జాగ్రత్త. చాలామంది నీట్‌గా ఉంటుందని కార్డు చుట్టూ సన్నటి గీత గీస్తారు. గీయకండి. కార్డులు ఒక్కొక్కటిగా కత్తిరించరు, దొంతరలుగా పెట్టి కోస్తారు. ఆ కోతలో ఒక మిల్లీమీటరు వరకు అటూ ఇటూ జరగడం మామూలు. అంచుకి 2 మిల్లీమీటర్ల దూరంలో గీత ఉందనుకోండి, ఒకవైపు 1, ఇంకోవైపు 3 అవుతుంది. ఆ వంకర ఎవరికైనా కనపడుతుంది. గీత లేకపోతే అదే జరుగుబాటు ఎవరి కంటా పడదు. అందుకే అక్షరాలు అంచుకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలంటాం. అంచుదాకా రంగు ఉంటే ఆ రంగుని ఫైల్‌లో 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించాలంటాం. బ్లీడ్ అంటే అదే.

అక్షరాల దగ్గరికి వద్దాం. ఒక్క ఫాంటు చాలు. రెండు సైజులు చాలు. పేరు ఒక సైజు, మిగతావన్నీ ఇంకో సైజు. ఆ రెండిటికీ తేడా స్పష్టంగా ఉండాలి. 9 పాయింట్లు, 10 పాయింట్లు పెడితే పొరపాటు పడ్డట్టు ఉంటుంది. 8, 13 పెట్టండి. లేదా సైజు ఒకటే ఉంచి, పేరుని మాత్రం లావుపాటి అక్షరాల్లో పెట్టండి. ఒక పాయింట్ అంటే 0.35 మిల్లీమీటరు. ఇంగ్లీషు అక్షరాలకి 7.5, 8 పాయింట్ల కంటే కిందికి వెళ్ళకండి.

మరి తెలుగులో? ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం ఆగుతాను. తెలుగు అక్షరం వరుసలో మాత్రమే కూర్చోదు. పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు. "స్త్రీ" అని రాసి చూడండి. స-కి కింద త వత్తు, దానికి ర వత్తు, పైన గుడి దీర్ఘం. వీటన్నిటికీ చోటివ్వాలి కాబట్టి, ఫాంటులో అసలు అక్షరం చిన్నదై కూర్చుంటుంది. అదే 8 పాయింట్లు తెలుగుకి పెడితే ఇంగ్లీషు పక్కన నలిగిపోయినట్టు కనపడుతుంది. నేను సాధారణంగా తెలుగుని ఒకటిన్నర, రెండు పాయింట్లు పెంచుతాను. వరుసల మధ్య దూరం కూడా పెంచాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తగులుతుంది. అందుకని పేరు రెండు భాషల్లోనూ కావాలంటే, ఒకే వైపు ఒకదాని కింద ఒకటి ఇరికించే కంటే, ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు పెట్టుకోండి. రెండిటికీ గౌరవం దక్కుతుంది.

ఫాంటు ఎంచుకునేటప్పుడు అందం చూసేముందు ఒక పరీక్ష చేయండి. మీ మెయిల్‌ని, వెబ్‌సైట్‌ని ఆ ఫాంటులో టైప్ చేసి, మీ పేరు తెలియని మనిషిని పైకి చదవమనండి. కొన్ని ఫాంట్లలో ఇంగ్లీషు చిన్న ఎల్, పెద్ద ఐ, అంకె ఒకటి, మూడూ ఒకేలా ఉంటాయి. అక్షరం ఓ, సున్నా ఒకేలా ఉంటాయి. అక్కడ ఒక్క అక్షరం తప్పు చదివితే మీ దగ్గరికి రావలసిన మనిషి ఎక్కడికీ చేరడు. ఫోన్ నంబరుని కూడా గుంపులుగా విడగొట్టండి. పది అంకెలు ఏకధాటిగా ఉంటే చూసి నొక్కేవాళ్ళు మధ్యలో దారి తప్పుతారు.

ఇంకో పని తప్పకుండా చేయండి. ఇంట్లో ఉన్న మామూలు ప్రింటర్‌లో, అసలు సైజులో, 100 శాతం అని పెట్టి ప్రింట్ తీయండి. కత్తెరతో కత్తిరించండి. పర్సులో పెట్టుకుని రెండు రోజులు తిరగండి. మూడో రోజు తీసి చూడండి. తెరమీద కనపడని తప్పులన్నీ అప్పుడు కనపడతాయి. నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇది మానలేదు.

రంగు గురించి క్లుప్తంగా. చిన్న అక్షరాలు ఒకే సిరాతో రావాలి. ఫైల్‌లో నలుపుని నాలుగు సిరాల మిశ్రమంగా వదిలేస్తే, ఆ నాలుగు సిరాల ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ రంగు అంచు వస్తుంది, చదివితే కళ్ళు లాగుతాయి. నల్ల సిరా 100 శాతం, మిగతా మూడు సిరాలూ సున్నా. ప్రెస్సువాళ్ళకి ఈ మాట చెబితే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. రంగు కావాలంటే ఒకటి పెట్టుకోండి, ఒక్కటే. అది మీ పనిలోంచి రావాలి. నీలిమందు అద్దకం చేసేవాళ్ళకి ఆ నీలం ఉంది, చెక్కపని చేసేవాళ్ళకి ఆ చెక్క రంగు ఉంది. రంగు కాగితం మీద అచ్చు వేయిస్తున్నారా? అయితే ప్రెస్సుల్లో మామూలుగా వాడే ఆఫ్‌సెట్ సిరాలు పారదర్శకంగా ఉంటాయని గుర్తుంచుకోండి. పసుపు కాగితం మీద నీలం వేస్తే ఆకుపచ్చ వైపు పోతుంది.

కాగితం. సింపుల్ కార్డులో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది కాగితమే. అక్షరాలు తగ్గించారు, బొమ్మలు తీసేశారు, ఇంక చేతికి తగిలేది ఏమిటి? కాగితం. అందుకని సిరా మీద మిగిల్చిన డబ్బు కాగితం మీద పెట్టండి. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఆఫీసుల్లో వాడే ఏ4 కాగితం 70, 80 ఉంటుంది. కార్డుకి 300 నుంచి 400 మధ్య బాగుంటుంది. కానీ జీఎస్ఎం బరువు లెక్క, మందం లెక్క కాదు. నున్నటి పూత పూసిన 300 కాగితం పలచగా ఉంటుంది. పూత లేని 300 కాగితం కొంచెం ఉబ్బుగా, మందంగా చేతికి తగులుతుంది. కాబట్టి అంకె చూసి ఆర్డరు ఇవ్వకండి. నమూనాలు అడగండి, వేళ్ళ మధ్య పట్టుకుని చూడండి, కొంచెం వంచి చూడండి.

పూత లేని కాగితం మీద రంగులు కాస్త మందగిస్తాయి, సిరా లోపలికి ఇంకుతుంది. నిండు రంగు మీద సన్నటి తెల్ల అక్షరాలు వదిలితే సిరా పాకి అవి పూడుకుపోతాయి. ఆ ఇబ్బంది ఉంది. అయినా నేను చాలాసార్లు దాన్నే ఎంచుకుంటాను. ఒకే ఒక్క కారణం. దానిమీద పెన్నుతో రాయొచ్చు. లామినేషన్ చేసిన కార్డు మీద మామూలు పెన్ను సరిగా రాయదు, రాసినా చెరిగిపోతుంది. మీ కార్డు వెనకవైపు తెల్లగా వదిలేయండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు అక్కడ ఒక ముక్క రాసి ఇవ్వండి. "నీలం గిన్నె, ఆరు కావాలన్నారు" అని రాసి ఇస్తే, ఆ కార్డు పారేస్తారా? ఎవరైనా పారేస్తారా? ఆ కార్డు అప్పుడు వాళ్ళది అయిపోతుంది.

క్యూఆర్ కోడు అడుగుతారని తెలుసు, చేతులు లేస్తున్నాయి. పెట్టొచ్చు. 1994లో జపాన్‌లో డెన్సో సంస్థలో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టింది అది. అందం కోసం పుట్టింది కాదు, కాబట్టి దాని కొలతల్ని మనమే గౌరవించాలి. మీరు ఎంత సమాచారం పెడితే అన్ని గళ్ళు పెరుగుతాయి. 26 అక్షరాల లోపు చిన్న లింకైతే 25 × 25 గళ్ళలో సరిపోతుంది. అదే పేరు, నంబర్లు, మెయిల్, చిరునామా అన్నీ కలిపి 200 అక్షరాలు పెట్టారనుకోండి, 57 × 57 గళ్ళ దాకా కావాలి. రెండు సెంటీమీటర్ల చోటులో మొదటిదానికి ఒక్కో గడి 0.8 మిల్లీమీటరు వస్తుంది, రెండోదానికి 0.35. మసక వెలుతురులో, పాత ఫోన్‌తో ఏది చదవడం సులువు? తెలుగు అక్షరాలైతే ఇంకా జాగ్రత్త, కోడులో ఒక్కో గుర్తు మామూలుగా మూడు బైట్ల చోటు తీసుకుంటుంది. చుట్టూ నాలుగు గళ్ళంత తెల్ల ఖాళీ తప్పనిసరి, దాన్ని అంచుకి ఆనించకండి. ఇంకొక్కటి. ఆ కోడు ఏదో ఒక మధ్యవర్తి సేవ ద్వారా మీ వెబ్‌సైట్‌కి వెళ్ళేలా చేయించుకుంటే, ఆ సేవకి చందా ఆగిపోయిన రోజున అచ్చయిన కార్డులన్నిటి మీదా కోడు పనిచేయడం మానేయవచ్చు. మీ సొంత వెబ్‌సైట్ చిరునామానే నేరుగా పెట్టుకోండి. దాని పక్కన ఆ చిరునామాని అక్షరాల్లో కూడా రాయండి.

ఏమంటున్నారు? కొంచెం గట్టిగా... ఆవిడ అడుగుతున్నారు, "ఫోన్‌లో నంబరు ఇచ్చిపుచ్చుకుంటున్నాం కదా, అసలు కార్డు అవసరమా?" అని. మంచి ప్రశ్న. అందరికీ అవసరం కాకపోవచ్చు. మీ పనంతా తెలిసినవాళ్ళ ద్వారానే వస్తుంటే, కార్డు లేకపోయినా గడుస్తుంది. కానీ మీరు చేత్తో చేసే వస్తువులు అమ్ముతారు కదా. ప్రదర్శనలో మీ బల్ల దగ్గర ఒక మనిషి ఆగి, ఒక వస్తువు చేతిలోకి తీసుకుని, ఆ రోజు కొనకుండా వెళ్ళిపోతారు. ఆ మనిషి ఫోన్‌లో మీ నంబరు ఇంకో వెయ్యి నంబర్ల మధ్య ఉంటుంది. కార్డైతే ఇంటికి వెళ్ళి జేబు ఖాళీ చేసినప్పుడు మళ్ళీ ఒకసారి చేతికి తగులుతుంది. ఆ రెండోసారి తగలడం కోసమే నేను కార్డు చేస్తాను. ఎక్కువ వేయించుకోకండి. ముందు 100 వేయించండి. ఇచ్చినప్పుడు జనం ఏం చేస్తున్నారో చూడండి. చదువుతున్నారా, తిప్పి చూస్తున్నారా, ఏదైనా అడుగుతున్నారా? "మీరేం చేస్తారండీ?" అని కార్డు చూశాక కూడా అడిగారంటే, ఆ ముక్క సరిగా రాయలేదన్నమాట. మార్చి మళ్ళీ 100 వేయించండి.

అచ్చుకి పంపేముందు మాత్రం, కార్డు మీద ఉన్న నంబరుకి, అక్కడ చూసి, మీ ఫోన్‌లోంచి కాకుండా వేరేవాళ్ళ ఫోన్‌లోంచి ఒకసారి డయల్ చేయండి. మోగిందా? అప్పుడు పంపండి.

సరే, మొదట మీరు తీసిన కార్డులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయా? "రంగు" అన్నావిడ, "లోగో" అన్నాయన, చదవలేకపోయానన్నాయన, మీ ముగ్గురూ ముందుకి రండి. ఈ బల్ల మీద స్కేలు, కత్తెర, తెల్ల కాగితాలు, పెన్సిళ్ళు ఉన్నాయి. మీ ముగ్గురి కార్డులతో మొదలుపెడదాం. ఒక్కొక్కటీ పైకి చదువుతూ, ఏది ఎందుకుందో మీరే చెప్పండి.